మేస్టారు చెప్పేదాకా

మా బావ జగన్నాధం మాట విన్న పెద్దవాళ్లు మా ఊళ్లో లేరు. పిల్లలు మాత్రం వినేవారు. దాంతో ఆయన ఇంకెవరితోనూ మాట్లాడటం మానేశాడు.

బొబ్బిలికి ఇవతల మా ఊరు. అందరూ చెరకూ వరీ వేసుకుంటుంటే, ఆయన శాలలోంచి పశువుల్ని బయటకు తోలి, పిల్లల్ని లోపలికి తోలాడు. వెయిట్ లిఫ్టింగు నేర్పుతాడట. మొదట్లో సామాను లేదు. మా అక్క సుభద్రమ్మ తిరగలి రాళ్లను బండి ఇరుసుకు తగిలించాడు. ఆ తరవాత ఆ ఇంటికి పిండి మరనుంచే వచ్చింది. అక్క దాని గురించి ఏళ్ల తరబడి సణిగింది. పొద్దున్నే ఆ పిల్లలకే అంబలి కాస్తూ సణిగింది.

వయసులో ఉండగా బావ రాష్ట్ర పోటీల్లో అందరికన్నా ఎక్కువ బరువు ఎత్తి, రిఫరీ చెప్పకముందే దించేశాడు. ఎత్తింది లెక్కలోకి రాలేదు. అప్పటినుంచి ఆయనకు ఎత్తడం మీద ధ్యాస పోయి, దించడం మీద పట్టుకుంది. పిల్లలు బరువు తలపైకెత్తి వణుకుతుంటే తాపీగా చుట్టూ తిరిగేవాడు. ఈగను తోలేవాడు. నాతో వానల సంగతి మాట్లాడేవాడు. ఆ తరవాత ఎప్పటికో "బాగుంది, దించు" అనేవాడు. మధ్యలో పరీక్షకని నాచేత "దించు" అనిపించేవాడు. నా మాట విని దించినవాళ్లు రైలు గేటు దాకా పరుగెత్తాలి. కొన్నాళ్లకు ఊళ్లో నా మాట వినేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మొన్న వేసవిలో ఆ శాలలోనే కూలబడి ప్రాణం వదిలాడు. వాళ్లకు పిల్లల్లేరు. పాడె కట్టగానే కుమారి వచ్చి పక్కన నిలబడింది. బావ దగ్గర నేర్చుకుని రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. వెనక ఇంకో ముగ్గురు అమ్మాయిలు.

"ఆడపిల్లలు పాడె మొయ్యడమేటి? మన ఇంటా వంటా ఉన్నాదా?" అన్నాడు బావ అన్నగారు గంగరాజు.

"మేస్టారు మమ్మల్ని ఏదీ మొయ్యొద్దని అన్లేదు, పెదనాన్నా," అంది కుమారి.

ఆ పిల్లకు తండ్రి లేడు. ఇది కూడా దక్కకపోతే బతికినన్నాళ్లూ కుమిలిపోతుందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు జాలేసింది. కానీ నేను చెబితే ఎవరు వింటారు?

అరుగు మీంచి అక్క అంది. "మొయ్యనీ బావా. నా తిరగలి మోసిన పిల్లలే కదా."

గంగరాజు పక్కకు తప్పుకున్నాడు.

కుదుపు లేకుండా మోశారు. శ్మశానానికి ముందు దింపుడు కల్లం వచ్చింది. అక్కడ పాడె దించి, పోయినవాణ్ణి చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతాడని ఆశ.

"దించండి," అన్నాడు గంగరాజు.

ఎవరూ దించలేదు.

"ఒసే, దించండే. ఏటయింది మీకు?"

నలుగురూ ఎదురుగా చూస్తూ నిలబడ్డారు. కుమారికి కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. తుడుచుకోడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

"మేస్టారు సెప్పలేదు," అంది.

"నర్సింగా, నువ్వయినా సెప్పరా," అన్నాడు గంగరాజు నాతో.

చెప్పాను. అలవాటు ప్రకారం ఎవరూ వినలేదు.

ఇంతలో వెనక జనం దారిచ్చారు. మా వైపు ఇంటి ఆడవాళ్లు కల్లం దాకా రారు. అక్క వచ్చింది. పాడె చుట్టూ తాపీగా ఒకసారి తిరిగింది. బావ కాళ్ల మీద వాలిన ఈగను తోలింది.

"బాగుంది," అంది. గొంతు ఆమెదే, తీరు ఆయనది. కాసేపాగి, "దించు," అంది.

చప్పుడు కాకుండా దించారు. కుమారి అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను వంగి ఆయన చెవిలో "బావా" అన్నాను. మూడుసార్లూ పిలిచాను. ఆయన పలకలేదు.

అయినా పాడె ఎత్తమని గంగరాజు కూడా అనలేదు. బావ ఎప్పుడూ ఆలస్యంగానే పలికేవాడు. అందరం అలాగే నిలబడ్డాం.