కొరియర్‌లో తూటాలు

అసిరమ్మను ఎలుగుబంటి చీల్చిన మర్నాటి నుంచి వైదేహి జీడితోటలోకి ఒక్క కూలీ కూడా అడుగు పెట్టలేదు.

ఉద్దానంలో అది జీడిపిక్కలు రాలే కాలం. రాలిన పిక్కను వెంటనే ఏరుకోవాలి. వాన పడితే నల్లబడుతుంది, ఇక దాన్ని ఏ వ్యాపారీ ముట్టుకోడు. పండిన జీడిపళ్ల వాసనకి ఎలుగులు కూడా అప్పుడే దిగుతాయి. వైదేహి భర్త ఈశ్వరరావు పొద్దున్నే తోట గట్టుమీద కూర్చుని, తండ్రి నాటి ఒంటిగొట్టం తుపాకీ ఆకాశంలోకి ఎత్తి ఒకసారి పేల్చేవాడు. ఆ మోతకి ఎలుగులు ఇసకదిబ్బల వైపు వెళ్లిపోయేవి. ఆ తరవాతే ఆడవాళ్లు లోపలికి వెళ్లేవారు. కిడ్నీలు పాడై పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మీద పడ్డాక కూడా, మిషను లేని రోజుల్లో ఎలాగో ఒకలాగ గట్టు దాకా వచ్చేవాడు. అతని మందులకీ ఇంటి పొయ్యికీ ఆ తోటే దిక్కు.

ఒకరోజు తూటాలు అయిపోయాయి. "ఈ ఒక్క పూటకీ ఎల్లండే, ఏటీ అవదు" అని వైదేహి కూలీలను తొందరపెట్టింది. ఆ పూటే అసిరమ్మకి ఎడమ చెవీ, భుజం కండా పోయాయి.

ఆసుపత్రిలో కట్లలోంచి ఒక కన్ను తెరిచి అసిరమ్మ అంది: "మోత ఇనబడ్డాకే ఎల్తామన్నాం గదా, బుగతమ్మా."

తూటాల కోసం బయల్దేరింది వైదేహి.

ఈశ్వరరావుని వెంటబెట్టుకుని టెక్కలి వెళ్లింది. అక్కడ తుపాకుల దుకాణం గోవిందరాజులుది. వైదేహి మావగారికి స్నేహితుడు, డెబ్బై దాటిన మనిషి. ఈశ్వరరావు మొహం ఉబ్బు చూసి ముందు కుర్చీ వేశాడు, తరవాత లైసెన్సు అడిగాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, మూసి, వెనక్కి ఇచ్చేశాడు.

"గడువు దాటిపోనాది నాయనా. సూసుకోలేదా?"

"ఆసుపత్రి గొడవలో పడి సూసుకోలేదు బాబాయ్," అన్నాడు ఈశ్వరరావు.

"రెన్యువల్‌కి పెట్టండి. అంతవరకూ తుపాకీ కూడా స్టేషన్లో అప్పజెప్పాలి. ఇంట్లో ఉంచుకోడానికి లేదు."

"రెన్యువల్ అయ్యేసరికి పిక్కల కాలం ఎల్లిపోద్ది, మావయ్యగారూ," అంది వైదేహి. "ఒక్క పెట్టి ఇయ్యండి. ఎలుగుని కొట్టడానికి కాదు, మోతకే గదా!"

"మోతకైనా అదే తూటా అమ్మా. ఎవరికి ఇచ్చానో, ఎన్ని ఇచ్చానో, రేపు పోలీసోళ్లకి నాను సెప్పుకోవాలి."

ఆమె బతిమాలింది, ఏడ్చింది. ఆఖరికి కోపం పట్టలేక, "మీ కళ్ల ముందే పెరిగిన మనిషి సచ్చిపోతన్నా మీకు కాయితవే కావాలి!" అని అరిచింది. గోవిందరాజులు తల దించుకున్నాడు గాని బీరువా తెరవలేదు.

ఆ వారమే ఫోన్లో ఒక వీడియో కనబడింది. ఎర్రటి తూటాలు పెట్టెల్లో వరసగా పేర్చి ఉన్నాయి. లైసెన్సు అడగం, కొరియర్‌లో ఇంటికే పంపుతాం అని ఒక ఆడగొంతు తియ్యగా చెబుతోంది. తప్పని వైదేహికి తెలుసు. కానీ చెట్ల కింద పిక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. సముద్రం మీద రోజూ సాయంత్రం మబ్బు లేస్తోంది. ఈశ్వరరావుకి చెప్పకుండా డబ్బు పంపించింది.

పార్సిల్ రాలేదు. ఫోను వచ్చింది.

అప్పుడు ఆమె పలాస ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుని ఉంది. లోపల ఈశ్వరరావు మిషను మీద ఉన్నాడు. ఫోన్ తెరమీద ఖాకీ చొక్కా, వెనక గోడకి జెండా.

"వైదేహి మీరేనా? మీ పేరు మీద వచ్చిన పేలుడు సామగ్రి విశాఖపట్నంలో పట్టుబడింది. మీ మీదా, మీ భర్త మీదా కేసు నమోదైంది. కాల్ కట్ చేయకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. చేస్తే గంటలో అరెస్టు."

వైదేహి వార్డు తలుపు వైపు చూసింది. "ఆయనకేటీ తెలీదు సార్. డయాలసిస్ మిషను మీదున్నారు. తప్పు నాదే."

"జైల్లో డయాలసిస్ ఉండదు. అర్థమైందా? కేసు తేలేదాకా డిపాజిట్ కట్టండి. తప్పు లేదని తేలితే వెనక్కి వస్తుంది."

ఖాతాలో మిగిలిందంతా ఆ ఫోన్లోంచే పంపింది. అతను ఇంకా కట్టమన్నాడు. లేదంది. మెడలో ఉన్న బంగారం అమ్మి, ఆ డబ్బు బ్యాంకుకి వెళ్లి కట్టమన్నాడు. నర్సు వచ్చి, ఇంకో రెండు గంటలు పడుతుందమ్మా అని చెప్పి వెళ్లిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పేయాలనిపించింది వైదేహికి. తెరలోంచి ఆ మనిషి చూస్తూనే ఉన్నాడు.

రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఎదర బంగారం కొట్టు. మెడమీద చెయ్యి వేసుకుంది. ఇది కూడా పోతే వచ్చే వారం ఇంజక్షన్లు దేంతో కొనాలి? కొనకపోతే ఆయన్ని జైల్లో పడేస్తారా? తూటాల సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమెకి ఒక్కడే ఉన్నాడు. మొన్న అతని మొహం మీదే అరిచి వచ్చింది. ఫోను అలాగే సంచిలో పెట్టుకుని, కాశీబుగ్గ బస్టాండులో టెక్కలి బస్సు ఎక్కింది. సంచిలోంచి ఆ గొంతు దారి పొడుగునా బ్యాంకు ఎంతదూరం, బ్యాంకు ఎంతదూరం అని అడుగుతూనే ఉంది.

గోవిందరాజులు ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. వైదేహి ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. ఆయన కాసేపు విన్నాడు. విని, వేలితో నొక్కి కాల్ ఆపేశాడు.

వైదేహి కెవ్వుమంది. "ఏటి సేసినారు! నాను కొరియర్‌లో తెప్పించిన తూటాలు పట్టుబడ్డాయంట. ఆయన్ని పట్టుకెళ్లిపోతారు!"

"ఎవరూ రారు. అమ్మినోడూ ఆడే, పట్టుకున్నానన్నోడూ ఆడే. నువ్వు కొన్న పెట్టి ఎక్కడా లేదు తల్లీ. తూటాలు కొరియర్‌లో రావు."

ఆమె నేలమీద కూలబడిపోయింది. తలెత్తి, "అయితే మీరైనా ఇయ్యండి," అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే సిగ్గేసింది.

"ఇయ్యలేను," అన్నాడాయన. "పద. స్టేషన్‌కి నాను వత్తాను."

"ఎల్తే నాను ఆర్డరిచ్చిన సంగతీ సెప్పాల గదా?"

"సెప్పాల. డబ్బు వత్తాదో రాదో తెలీదు. సెప్పకపోతే మాత్రం ఆడు రేపు మళ్లీ ఫోన్ సేత్తాడు."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఈశ్వరరావు. మిషను ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

గోవిందరాజులు ఆటో మాట్లాడాడు. వాళ్లు వెళ్లేసరికి ఈశ్వరరావు ఆసుపత్రి గేటు దగ్గర గోడకి ఆనుకుని, చేతికి దూది అదిమిపట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎక్కడికెల్లిపోనావే? నీకేటైపోనాదో అనుకున్నాను," అన్నాడు. వైదేహి అక్కడే, గేటు ముందే, అంతా చెప్పేసింది. అతను కోప్పడలేదు. చెయ్యి ఆమె భుజం మీద వేశాడు. అది ఓదార్చడానికో, పడిపోకుండా ఉండడానికో ఆమెకి తెలియలేదు.

స్టేషన్లో ఎస్సై అంతా రాసుకున్నాడు. లైసెన్సు లేకుండా కొనబోవడం నేరమేనని చెప్పాడు. పై అధికారులు ఏమంటారో తెలీదన్నాడు. తుపాకీ మర్నాడే అప్పజెప్పమన్నాడు. అప్పజెప్పారు. పంపిన డబ్బు అప్పటికే నాలుగు ఊళ్ల ఖాతాలు దాటిపోయింది.

తుపాకీ అప్పజెప్పిన రోజే వైదేహి రేకు డబ్బా ఒకటీ, కర్రా పట్టుకుని తోట గట్టుకి వెళ్లింది. కూలీలను పిలవలేదు. పిలవడానికి ఆమెకి మొహం చెల్లలేదు. ఈశ్వరరావు వద్దన్నాడు, తిట్టాడు, ఆఖరికి వెనకే వచ్చి గట్టుమీద చతికిలబడ్డాడు.

"పది చెట్లు దాటి ఎల్లకు," అన్నాడు. "నాను కేకేత్తుంటాను. నువ్వు పలకాల. పలక్కపోతే లోపలికొచ్చేత్తాను."

"నువ్వొచ్చి ఏటి సేత్తావు బావా?"

"ఏటో ఒకటి."

ఆమె డబ్బా బాదుకుంటూ మొదటి చెట్టు కిందికి వెళ్లింది. సగం పిక్కలు అప్పటికే నల్లబడ్డాయి. మంచివి ఏరి ఒళ్లో వేసుకుంటోంది. పొదల్లో ఏదో కదిలింది. ఆగి చూసింది. గాలే.

"వైదేహీ!" గట్టుమీంచి కేక. నీరసపు గొంతు, సగం దగ్గు.

"ఉన్నాను!" అని అరిచింది ఆమె. డబ్బా మీద గట్టిగా ఒకటి కొట్టి, రెండో చెట్టు కిందికి నడిచింది.