మూసీ పుట్టిన తావున పచ్చచీర

పెండ్లికొచ్చిన చుట్టాలకు ఊరు చూపించడమంటే తాండూరు పాండురంగం పటేలుకు ఎక్కడలేని హుషారు. బండల గనులు, కందుల మండీ, బషీరాబాదు దిక్కున సగం కన్నడంలో సాగే సంత, అన్నీ దగ్గరుండి తిప్పేవాడు. ఎవరింటి పెండ్లయినా సరే, బండి కట్టించి ముందు కూర్చునేది ఆయనే. అలాంటి మనిషి, సొంత చిన్నబిడ్డ రాధమ్మ పెండ్లికి వచ్చిన మగపెండ్లివారికి అనంతగిరి గుట్ట మాత్రం వద్దే వద్దన్నాడు.

"బాట మంచిగ లేదు పెద్దమ్మా. ఎండలు మస్తుగున్నయి. గుట్టెక్కి పరేషాన్ అయితరు."

పెద్దమ్మంటే పెండ్లికొడుకు సుధాకర్ నాయనమ్మ రామమ్మ. నల్లగొండ దిక్కున మూసీ ఒడ్డు ఊరు ఆమెది. అంత తేలిగ్గా ఊరుకునే రకమా!

"మూసీ నీళ్లు తాగి పెరిగినోళ్లం పటేలా. గది పుట్టిన తావు చూడకుంట పోతమా? ఎట్లన్న వికారాబాద్ మీంచే పోవాలె గద. దిగుతం, చూస్తం, మల్ల రైలెక్కుతం. ఎండదేముంది, మా దిక్కు లేదా ఎండ?"

పాండురంగం వద్దనడానికి కారణం ఎండా కాదు, బాటా కాదు. గుట్ట మీద క్షయరోగుల దవాఖాన ఉంది. అందులో రెండేండ్లుగా ఆయన పెద్దబిడ్డ అరుణాదేవి ఉంది. ఆ పందొమ్మిది వందల యాభై ఏడులో, ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఆ ఇంటి పిల్లను చేసుకునేవాళ్లెవరు? సంబంధం మాట్లాడిన నాడు రామమ్మ "పెద్దపిల్ల ఏది?" అని అడగ్గానే, పాండురంగం నోటి వెంట "కాలం జేసింది" అని వచ్చేసింది. ఛీ, ఏం నోరది! మేనత్త దగ్గరుందనొచ్చు, హైదరాబాదులో చదువుతోందనొచ్చు. ఇంకే అబద్ధమూ లేనట్టు ఆ మాటే దొరికింది మహానుభావుడికి.

పాపం, రామమ్మ నిజంగానే కంటతడి పెట్టుకుంది. అంతటితో ఆగిందా? పెండ్లికి వస్తూ పచ్చటి నేతచీర ఒకటి తెచ్చింది. పెండ్లికాకుండా కన్నుమూసిన ఆడపిల్ల ఉంటే, చెల్లెలి పెండ్లిలో ఆమె పేరు మీద చీర పెట్టి దీపం ముట్టించడం వాళ్లింటి ఆనవాయితీ. పెండ్లయ్యాక ఆ చీరను నీళ్లున్న తావున, ఆ ఈడు పిల్లకు దానమివ్వాలి. ఇచ్చేటప్పుడు పోయిన పిల్ల పేరు కన్నవాళ్లే చెప్పాలి.

"బతికున్న బిడ్డకు దీపం ముట్టియ్యాల్నా? నా చేతులు ఇరగ్గొట్టు, ముట్టియ్య" అని పాండురంగం భార్య లక్ష్మమ్మ వంటింట్లో కూలబడింది. ఆఖరికి ఆ దీపం ఆయనే ముట్టించాడు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది.

ఆయన జేబులో అప్పటికి పదిరోజులుగా ఒక ఉత్తరం ఉంది. "నాయినా, పెండ్లికి వస్తనని భయపడకు, రాను. పెండ్లోళ్లు గుట్ట మీది గుడికి వస్తరేమో. లగ్గమైన తెల్లారి నుంచి కోనేటి బాటల చింతచెట్టు కింద నిలబడుత. చెల్లెను పెండ్లిబట్టల్ల ఒక్కసారి చూస్త. పలకరియ్య, ఒట్టు." ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు.

రైలు ధారూరు దాటింది, వికారాబాదు వచ్చింది. ఎప్పుడూ నోరు మూయని పాండురంగం దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. స్టేషన్లో రెండు బండ్లు మాట్లాడుకుని గుట్టెక్కారు. గుళ్లో దర్శనమయ్యాక మూసీ పుట్టే కోనేటికి నడుస్తుంటే, చింతచెట్టు కింద అరుణాదేవి కనిపించింది.

ఎంత చిక్కిపోయింది! చెట్టుకు ఆనుకుని, మూడు దినాల నుంచి నిలబడుతున్న పిల్ల, చెల్లెలి పసుపు బట్టలనూ నుదుటి మీది బాసింగాన్నీ కండ్లనిండా చూసుకుంటోంది. రాధమ్మ అడుగు ఆగిపోయింది. అరుణ మాత్రం ఒట్టు తప్పలేదు, పెదవి కదపలేదు.

"ఇగో, గీ పిల్ల గా ఈడుదే గద!" అంటూ రామమ్మ మూటలోంచి పచ్చచీర తీసింది. "ఇటు రా బిడ్డా."

అరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. "దగ్గరికి రాకు అవ్వా. నేను దవాఖాన్ల ఉంట."

"అయ్యో తల్లీ! అయితే నీకే ఇయ్యాలె." రామమ్మ చీరను పక్కనున్న బండ మీద పెట్టింది.

"ఎవరి పేరు మీద అవ్వా?"

"మా పిల్లకు ఒక అక్క ఉండెనట. లగ్గం గాకుంటనే పోయిందట. పటేలా, ఇటొచ్చి పేరు చెప్పు. కన్నోళ్లే చెప్పాలె."

పాండురంగం ముందుకొచ్చాడు. "గిదే నా బిడ్డ" అంటే అయిపోయేది. కానీ పక్కనే సుధాకర్ కండువాకు ముడివేసిన కొంగుతో రాధమ్మ నిలబడి ఉంది. ఇంకేదో పేరు చెప్పినా గడిచేది. అరుణ కండ్ల ముందు మరో అబద్ధమాడటానికి ఆయనకు నోరు రాలేదు.

"అరుణాదేవి" అన్నాడు.

అరుణ తండ్రి మొహంలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె వంగి చీర తీసుకుని కండ్లకద్దుకుంది.

"మంచి పేరు పెట్టుకున్నరు అయ్యా" అన్నది, ఎవరో పరాయివాడితో అన్నట్టు.

"మొక్కు బిడ్డా. మీ అక్కే అనుకో" అన్నది రామమ్మ. రాధమ్మ అక్కడే నేల మీద తల ఆన్చింది. ఎంతసేపటికీ లేవలేదు. "అక్క యాదికొచ్చింది పాపం" అని రామమ్మే లేవదీసి కండ్లు తుడిచింది.

కోనేరు చూశారు. రామమ్మ మూసీ నీళ్లు నెత్తిన చల్లుకుని, సీసాలో నింపుకుంది. తిరిగి వస్తుంటే చెట్టు కింద అరుణ పచ్చచీర భుజాన కప్పుకుని ఇంకా అక్కడే ఉంది.

"ఏ తల్లి కన్న బిడ్డనో! చూసేటోళ్లు ఉన్నరో లేరో" అన్నది రామమ్మ బండెక్కుతూ. "ఇంకేమన్న చూసేటివి ఉన్నయా పటేలా?"

"లేవు పెద్దమ్మా" అన్నాడు పాండురంగం. "అన్నీ చూసిండ్రు."