అటలాంటా నీడ అంచు

చీకటి పడగానే దర్జీ డాబా ఎక్కి టెలిస్కోపుకి కన్ను అతికించాడు. అటలాంటా అనే గ్రహశకలం కాసేపట్లో ఒక చుక్కకు అడ్డం రాబోతోంది. చుక్క మాయమైతే "పోయింది" అనీ, మళ్ళీ కనబడితే "వచ్చింది" అనీ ఫోన్‌లో రికార్డు చేయాలి. చుక్కలు చూసే సంఘానికి పెద్ద అతని బావే, అంటే భార్యకు అన్నగారు. ఇంతకుముందు ఒకసారి మబ్బు పట్టింది, ఒకసారి దర్జీకే నిద్ర పట్టింది. ఈసారీ చుక్క పట్టకపోతే సంఘం టెలిస్కోపు ఇంకొకరికి ఇచ్చేస్తానని బావ కత్తిరించినట్టు చెప్పేశాడు.

"అటలాంటానా? అట్లాంటి పేరు ఎట్లాంటివాళ్ళు పెట్టారండీ?" మెట్ల మీద కూర్చున్న భార్య అడిగింది.

"గ్రీకు కథలో పిల్లే. పరుగులో ఎవరికీ అందదు. ఓడినవాడి తల ఎగిరిపోవాల్సిందే. చివరికి ఒకడు దారిలో బంగారు యాపిల్ పళ్ళు దొర్లించాడు. ఏరుకోడానికి ఆగింది, ఓడింది, వాణ్ణే చేసుకుంది."

"పళ్ళకే పడిపోయిందా! మీరు నాకోసం గుండీలైనా దొర్లించలేదు."

"నవ్వించకే, రెప్ప పడుతుంది."

కంట నీళ్ళు కారాయి, మెడ పట్టేసింది. చుక్క మాత్రం మేకు దిగ్గొట్టినట్టు అక్కడే ఉంది. వేళ దాటిపోయింది.

ఫోన్ మోగింది, అవతల బావ. "బావా! నాకు పోయింది, వెంటనే వచ్చేసింది. వంతెన అవతలవాళ్ళకి ఇంకా ఎక్కువసేపు పోయిందట. నీకో?"

పోయిందంటే పోయేదేముంది! మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు బావా. నాకు పోలేదు."

"కునుకు తీశావా?"

"ఒట్టు. కన్ను తియ్యలేదు. టెలిస్కోపు రేపు తెచ్చిచ్చేస్తాలే."

బావ గొంతు తగ్గింది. "ఉంచుకో. నాకు పోయి నీకు పోలేదంటే ఆ రాయి నీడ అంచు మనిద్దరి ఇళ్ళ మధ్యనించి వెళ్ళినట్టు. నువ్వు లేకపోతే అది ఎక్కడిదాకా ఉందో ఎవరు చెప్తారు?"

దర్జీ పిట్టగోడ పట్టుకుని కిందికి చూశాడు. ఎవరో బస్సు వెంట పరుగెడుతున్నారు. రొట్టెల దుకాణం దగ్గర ఇద్దరు చిల్లర కోసం పోట్లాడుకుంటున్నారు. జిల్లా అంత రాయి, కోట్ల మైళ్ళ అవతల. దాని నీడ ఇప్పుడే ఈ ఊరి మీద పరుగెత్తింది. దాని అంచు ఈ నాలుగు వీధుల్లోనే ఎవరి నెత్తిమీదినించో వెళ్ళింది. ఒక్కరూ తలెత్తలేదు. పొద్దస్తమానం అంచులు కుట్టే మనిషికి ఒళ్ళు జలదరించింది.

"ఏమే, ఇటు రా."

ఆమె వచ్చి పక్కన నిలబడింది. "ఏముందండీ అక్కడ?"

"ఇప్పుడేం లేదు. ఇందాకే వెళ్ళింది."

ఎప్పుడూ మాటకు మాట అంటించే మనిషి, పిట్టగోడ మీదికి వంగి ఆ వీధులు ఒక్కొక్కటే చూసింది.