రెండు గొట్టాల్లో ఒకే నెత్తురు

రమణి మనుషుల ముఖాలైనా మర్చిపోతుందేమో గానీ వాళ్ల నెత్తుట్లో కొవ్వెంతుందో మాత్రం మర్చిపోదని మస్కట్‌లోని ల్యాబ్‌లో అందరూ ఆమెను ఏడిపించేవారు. ఆమె వైద్యం చేసే డాక్టరు కాదు, బయోకెమిస్టు. ఎండలో గొడ్డులా పనిచేసే కూలీలకు నడివయసైనా రాకుండానే గుండెలెందుకు ఆగిపోతున్నాయో తేల్చాలని పంతం పట్టింది. ఆ పంతంతోనే 2008 మార్చిలో ఊరి అంచున ఘాలాలో ఒక కంపెనీ కూలీలుండే క్యాంపుకు వెళ్లి, పరగడుపున అందరికీ నెత్తురు తీయించింది.

అక్కడే తప్పు చేసింది. ఇది పరిశోధన, ఇష్టమైతేనే ఇవ్వండని ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక, జనాన్ని పోగుచేసే పని క్యాంప్ బాస్‌కు అప్పజెప్పింది. అతను రూము రూముకీ తిరిగి "చలో, మెడికల్, మెడికల్!" అని కేకేశాడు. గల్ఫ్‌లో ఆ మాటకు కూలీ ఎరిగిన అర్థం ఒకటే. తప్పినవాడికి అన్‌ఫిట్ ముద్ర, ముద్ర వెనకాలే విమానం. వరస చక్కగా నిలబడిందని రమణి మురిసిపోయింది కూడా.

ఫలితాలొచ్చాక రెండు నమూనాలు ఆమెకు మింగుడుపడలేదు. ఒకటి అంజి అనే కూలీది, ఒకటి పోచన్న అనే కూలీది. కొలెస్ట్రాల్ చూసినా, చక్కెర చూసినా, ఇంకేం చూసినా రెండూ ఒకటే. కవలలకైనా అంతలా కలవవు. యంత్రం చెడిందేమోనని మళ్లీ పరీక్షించింది. మళ్లీ అదే. రెండు గొట్టాల్లోనూ ఉన్నది ఒకే మనిషి నెత్తురని అప్పుడు తట్టింది.

ఘాలా వెళ్లి అంజిని పక్కకు పిలిచి, రెండు గొట్టాల్లో ఒకే నెత్తురెలా వచ్చిందని అడిగితే ఏడ్చేశాడు.

"పోచన్న నాకు వరుసకు కాక, మేడం. మెట్లెక్కితె దమ్మస్తది, ఛాతి పట్టుకుంటడు. మెడికల్ల దొరికితె ఇంటికి తోలుతరని, అంగి మార్చుకొని ఆయన బతాకా కార్డు పట్టుకొని నేనే మల్ల లైన్ల నిలవడ్డ. ఆ కార్డు మీది ఫొటో ఎవలు సూస్తరు?"

"ఎంత పని చేశావయ్యా! ఆయన వేళ్ల కణుపుల మీద, మడమల వెనక గడ్డల్లాంటివేమన్నా ఉన్నాయా?"

"ఉన్నయి, పచ్చపచ్చగ. వాళ్ల బాపుకు గూడ ఉండె. ముప్పై ఐదేండ్లకే ఛాతి పట్టుకొని పోయిండు."

"మరి పోచన్నకిప్పుడు ఎన్నేళ్లు?"

అంజి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "గంతే ఉంటయి, మేడం," అన్నాడు చివరికి.

రమణికి జబ్బేమిటో అర్థమైపోయింది. అది తండ్రి నుంచి బిడ్డకు దిగే జబ్బు. నెత్తుట్లోని కొలెస్ట్రాల్‌ను కాలేయం లాగెయ్యలేక వదిలేస్తుంది. అది కీళ్ల దగ్గర గడ్డ కడుతుంది, గుండె నాళాల్లో వంటింటి తూములో జిడ్డులా పేరుకుంటుంది. మందుంది, వాడితే బతకొచ్చు. కానీ ఛాతీ పట్టుకునేదాకా వచ్చిన మనిషి ఇంకా బరువులు మోస్తున్నాడు. ఆలస్యం అమృతం విషం అంటారు, ఇక్కడ విషమైతే ఎప్పుడో దిగింది.

పోచన్నను అప్పటికే కొండల అవతల బహ్లా సైట్‌కు మార్చారు. రమణి అక్కడి ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి, అతనికి పని చెప్పొద్దు, నేనొచ్చేదాకా నీడన కూర్చోబెట్టండి అంది. మంచి పనే చేశాననుకుంది. అంజిని కారెక్కించుకుని బయల్దేరింది.

కారు కొండల మధ్య దారిలోకి మళ్లింది. ఉన్నట్టుండి అంజి, "నీడకు కూసోబెడితె కాక ఏమనుకుంటడో," అన్నాడు.

"ఏమనుకుంటాడు?"

"సైట్ల పని ఆపి కూసోబెట్టేది ఇంటికి తోలేటోణ్నే, మేడం."

ఆమె కారాపి మళ్లీ ఫోన్ చేసింది. "కూర్చోబెట్టాను మేడం. మెడికల్ వాళ్లు వస్తున్నారు, కదలొద్దని కూడా చెప్పాను," అన్నాడు ఫోర్‌మన్ హిందీలో, మెప్పు కోరుతున్నట్టు. ఫోర్‌మన్ నోటితో ఇంకేం చెప్పించినా బెదిరింపులాగే ఉంటుందని రమణి కారు ముందుకు దూకించింది. తన నోటితోనే ఆ మనిషిని భయపెట్టింది. ఇక కారు ఎంత తోలినా దారి తరగనట్టే అనిపించింది.

సైట్ ముందు కారాగగానే, సగం కట్టిన గోడ నీడలోంచి ఒక మనిషి లేచాడు. కారును చూశాడు, కారు దిగుతున్న అంజిని చూశాడు. సొంత మనిషే పట్టించాడన్న బాధ ఆ ముఖంలో అంత దూరానికీ తెలిసిపోయింది. వెనుదిరిగి ఖర్జూర తోటల వైపు పరుగందుకున్నాడు.

"ఉరుకకు కాకా! ఉరుకకే!" అని అంజి వెంటపడ్డాడు. వెంటపడేకొద్దీ అతను ఇంకా జోరందుకున్నాడు.

"అంజీ, ఆగు! నువ్వాగితేనే ఆయనాగుతాడు!" రమణి గొంతు చించుకుని అరిచింది.

అంజి ఆగాడు. కాస్త దూరం పోయి పోచన్న కూడా ఆగాడు. వెనక ఎవరూ రావడం లేదని చూసుకున్నాడు. అప్పుడు చెయ్యి ఛాతీ మీదికి పోయింది, మోకాళ్లు మడతపడ్డాయి.

రమణి చేరేసరికి ముఖమంతా చెమట. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, పోయేముందు ఒక్క మాటే అన్నాడు.

"నేను ఫిట్టే, మేడం. సూసిన్రు గదా, ఎంత దూరం ఉరికిన్నో."