బుడ్డలు చెప్పిన సంగతి

విత్తనపు బుడ్డల్ని, అంటే వేరుశనక్కాయల్ని, మిషన్లో ఆడించకూడదు. గింజ మీది ఎర్రపొర చిట్లితే మొలక రాదు. అందుకే తొలకరికి ముందు కోడుమూరులో ఆడవాళ్లు కూర్చుని చేత్తోనే ఒలుస్తారు. శివకుమారి పొద్దున అయిదింటికి లేచి ఒక చేటడు ఒలిచి, వంట చేసి, ఏడున్నర బస్సుకు కర్నూలు పోయి, అక్కడి సంతాన ఆసుపత్రి ల్యాబులో సాయంత్రం దాకా పనిచేసి, ఇంటికొచ్చి మళ్లీ ఒలుస్తుంది. బొటనవేళ్లు కాయలు కాచాయి. ఇంత ఒలిచినా, విత్తే రోజు గొర్రులో మొదటి పిడికెడు పోయడానికి ఆ చేయి పనికిరాదు. "నువ్వు పక్కకుండు మే. కడుపు పండినోళ్లు పోయాల ఆ గింజ," అని అత్త వరమ్మ నిరుడు కూలీల ముందే అంది. ఒలవడానికి పనికొచ్చిన చేయి పోయడానికి ఎందుకు పనికిరాదో శివకుమారి అడగలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్లకు అడిగే అలవాటు ఎవరూ చేయలేదు.

పెళ్లయి ఏడేళ్లు. ఏడేళ్లుగా ప్రతి సోమవారం ఈరన్న స్వామికి ఒక్కపొద్దు ఉండేది ఆమె. వేడి చేస్తుందని మామిడిపండు మానేసింది ఆమె. కడుపులోకి గొట్టం దింపి చూసినప్పుడు బొడ్డు చుట్టూ మూడు కుట్లు పడిందీ ఆమెకే. ఆ ఆపరేషన్లో ఏమీ కనబడలేదు కాబట్టి, వచ్చే గురువారం ఇంకోసారి కోసి చూడాలని బంధువులంతా కలిసి తీర్మానించారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. భర్త వీరభద్రకు మాత్రం ఒకే ఒక్క పరీక్ష, అదీ పెళ్లయిన మొదటేడు. వీర్యకణాల లెక్క సరిపోయింది. ఆ కాగితాన్ని బీరువాలో ఆమె పెళ్లి పట్టుచీర మీదే దాచుకున్నాడు. ఎరువుల అంగట్లో ఎవరన్నా కదిపితే, "నాది కౌంటు బాగుండాదప్పా. ఆయమ్మకే ఏదో ఉండాది," అనేవాడు. గొంతులో జాలి కూడా కలిపేవాడు, అది మరీ కాల్చేది.

తమాషా ఏమంటే, శివకుమారి పనే అది. మగవాళ్ల నమూనాలను మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెట్టడం. కిటికీ దగ్గరికి డబ్బాలు తెచ్చేది మాత్రం భార్యలే. చల్లారకూడదని రవికెలో దాచుకుని, కొంగు కప్పుకుని, తప్పు చేసినట్టు తలొంచుకుని వస్తారు. మొగుళ్లు బయట చెట్టు కింద ఫోను చూసుకుంటుంటారు. పరాయి ఆడవాళ్ల చేతుల్లోంచి ఆ డబ్బాలు అందుకుంటూ, తన ఇంట్లో మాత్రం కాగితం మాటే వేదమనుకుంది ఇన్నాళ్లూ.

ఆ వేదాన్ని కదిలించింది ల్యాబు పెద్ద యశోద మేడం. ఆపరేషన్‌కు సెలవు చీటీ పట్టుకుపోతే, "రెండోసారి నిన్నే ఎందుకు కోస్తాండారు శివా? ఆయన్ను ఒకసారి రమ్మను," అంది. కౌంటు బాగుందని చెబితే నవ్వింది. "తలలు లెక్కపెట్టినాము సరే. ఆ తలల మీద ఏముండాదో చూసినామా?" అంటూ కూర్చోబెట్టి చెప్పింది. కణాల లోపలా పైనా సన్నటి చక్కెర గొలుసులుంటాయట. మనం టీలో వేసుకునేది కాదు, ఒళ్లు తనకు తానే అల్లుకునేది. బీజకణం తయారయ్యేటప్పుడు ఆ చక్కెరలు సరిగ్గా కూడితేనే దాని తలకు టోపీ కుదురుతుంది. గుడ్డు చుట్టూ ఉన్న పొరలోనూ అలాంటి గొలుసులే. వాటిని ఆనవాలు పట్టి, టోపీ విప్పి లోపలికి పోవాలి. టోపీ సరిగ్గా లేనిది ఎంత చురుగ్గా ఈదినా గుడ్డు గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ చక్కెరను పట్టుకునే ప్రొటీను ఒకటుంది. దానికి రంగు అంటించి చూస్తే, ఉన్న టోపీలు పచ్చగా వెలుగుతాయి. ఆ ప్రొటీను తీసేది బుడ్డల నుంచే.

"మన బుడ్డలా మేడం?" అంది శివకుమారి.

"మన బుడ్డలే."

మేడం రమ్మందని చెబితే వీరభద్ర వచ్చాడు. సంతకం పెట్టి, నమూనా ఇచ్చి, ఫలితం ఎవరికి చెప్పాలని మేడం అడిగితే, "ఆమె ఈడనే పనిచేస్తాది గదా, ఆమెకే చెప్పండి," అని అంగడికి పోయాడు. రెండు రోజుల తర్వాత చీకటి గదిలోకి పిలిచి మేడం కుర్చీలోంచి లేచింది. "నువ్వే చూడు." శివకుమారి చూసింది. నూరు లెక్కపెట్టింది. తొమ్మిదే వెలిగాయి. నమ్మకం కుదరక ఇంకో నూరు లెక్కపెట్టింది. ఈసారి ఎనిమిది.

కసి పుట్టాల్సిన చోట ఆమెకు దండం పెట్టాలనిపించింది. గోళ్లు అరగదీసిన ఆ గింజకు, కుర్చీ ఖాళీ చేసిన ఆ మనిషికి, అన్నిటికంటే ముందు తన ఒంటికి. పస్తులు పెట్టినా, కోసినా, నిందలేసినా నెల తప్పకుండా తన పని తాను చేసుకుపోయిన ఒళ్లు. దాన్ని ఏడేళ్లు శత్రువులా చూసింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఏడ్చింది. మేడం తలుపు దగ్గరికి వేసి వచ్చి పక్కనే నిలబడింది. ఆ తోడుకు కూడా జన్మంతా రుణపడి ఉంటాననుకుంది శివకుమారి.

సాయంత్రం ఇంటికొచ్చి వీరభద్రకు ఉన్నదున్నట్టు చెప్పింది. అతను అమ్మ ఉన్న వంటింటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకు చెప్పొద్దు. నీదే అనుకోనీలే. నీకు అలవాటైపోయింది గదా," అన్నాడు.

"నీ మాట నేను ఎవరికీ చెప్పను. ఏడేళ్లు నువ్వు నా మాట ఊరంతా చెప్పినట్టు చెప్పను. నా మాట మాత్రం చెప్తా," అని వంటింటి వైపు తిరిగింది. "అత్తా, గురువారం ఆపరేషన్ లేదు. నా ఒంట్లో ఏ లోపమూ లేదు."

వరమ్మ గడప దాకా వచ్చి కొడుకు వైపు చూసింది. కొడుకు తలెత్తలేదు. కన్నతల్లికి అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. కాసేపు కొంగు నలుపుకుంటూ నిలబడి, "పొద్దున్నుంచి నిలబడే ఉండావు. కూచో మే, నేను వడ్డిస్తా," అంది. కూర గిన్నె తెచ్చి కొడుకు కంటే ముందు కోడలికే వడ్డించింది. క్షమాపణ అడగడం ఆమెకూ ఎవరూ నేర్పలేదని శివకుమారికి అర్థమైంది. ఆ మెతుకులు కృతజ్ఞతతోనే తిన్నది.

వీరభద్ర వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడేం చేయాలంట?"

"మంచి కణమొకటి ఏరి, గుడ్డులోకి సూదితో పంపొచ్చంట. దానికి గుడ్లు బయటికి తీయాల. పది రోజులకు పైనే పొట్టకు సూదులు."

"ఎవరికి?"

"నాకే."

"సరే, సోమవారం పోయి వేయించుకో."

"వేయించుకో అని చెప్పేది కాదు. అడుగు."

అతను నేల వైపు చూస్తూ అడిగాడు. "వేయించుకుంటావా?"

ఏడేళ్లలో ఆమె ఒంటి గురించి ఆమెను అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఆలోచించి చెప్తా," అంది శివకుమారి.