మేనమామ కండలు

రాఘవేంద్రను చూసి ఫిల్మ్‌నగర్‌లో భయపడని వాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది హీరోలే. వాళ్లెందుకు భయపడతారు లెండి, వాళ్లు తంతే గాల్లోకి లేచి దూరంగా పడడమే కదా అతని ఉద్యోగం. ఏళ్ల తరబడి విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరటిగెలల బండ్ల మీద, పూలకుండీల మీద, అద్దాల తలుపుల మీద పడ్డాడు. ఎంత పడినా చొక్కా చిరిగేది గానీ కండ మాత్రం చెక్కుచెదిరేది కాదు. ఆ కండలంటే మహానుభావుడికి పంచప్రాణాలు. అన్నం మానేశాడు, తీపి మానేశాడు, పెళ్లి భోజనాలకు వెళ్తే ఉడికించిన గుడ్లు జేబులో పెట్టుకుని వెళ్లేవాడు.

మోతీనగర్‌లో ఉండే అక్క సీతామహాలక్ష్మికి ఆ కండలు చూస్తే గర్వం పట్టలేనంత. తమ్ముడు తెరమీద తన్నులు తింటుంటే, "హీరో కదా అని ఊరుకున్నాడు పాపం. లేకపోతేనా," అనేది పక్కసీటు వాళ్లతో. తమ్ముడు బలవంతుడన్న పేరు మోతీనగర్ అంతా పాకిందంటే అది పూర్తిగా ఆవిడ చలవే. రాఘవేంద్ర కూడా ఆ పేరును నిజమనే నమ్మాడు. చొక్కా చేతులు బిగుతుగా ఉన్న మనిషికి తను బలవంతుణ్ణి కానేమోనన్న అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి.

అక్క కూతురు సాయిసుధకు సంబంధం కుదిరింది. తాంబూలాలనాడు పెళ్లికొడుకు పెద్దమ్మ మాటల్లో మాటగా అడిగింది.

"అమ్మాయిని బుట్టలో తీసుకొస్తారుగా. మేనమామలు ఎంతమందండీ?"

"ఇద్దరండీ," అంది సీతామహాలక్ష్మి. "పెద్దాడికి నడుంనొప్పి, వంగలేడు. అయినా ఇద్దరెందుకండీ. మా చిన్నాడు ఒక్కడే మండపం దాకా తెచ్చేస్తాడు. మనుషుల్ని ఎత్తి అవతల పారేసేవాడికి ఇదో లెక్కా?"

పెళ్లికొడుకు వాళ్లందరూ ఒక్కసారి తలలు తిప్పి రాఘవేంద్ర చేతుల వంక చూశారు. ఆ క్షణంలో అతను నోరు విప్పి, "లేదండీ, ఇంకొకరు సాయం పడితే బాగుంటుంది," అని ఉంటే ఈ కథే లేదు. నోరు విప్పలేదు. చేతులు కట్టుకుని, కండలు ఇంకాస్త పొంగేలా పిడికిళ్లు లోపలికి నొక్కిపెట్టాడు.

అదే రోజుల్లో అతనికి ఎన్నాళ్ల నుంచో కలలు కన్న వేషం దొరికింది. విలన్‌కు కుడిభుజం పాత్ర. డైలాగుంది. ఒక్కటే అయినా ఉంది. చొక్కా లేకుండా ఆటోను ముందు నుంచి రెండు చేతులతో పైకి లేపి, ఆ డైలాగు చెప్పాలి. మొదటి షెడ్యూల్లో వెనక నుంచి షాట్లు తీసేశారు. అతని వీపు చూసి యూనిట్ అంతా ఆహా అన్నది. ఆటోలో ఇంజను లేదు, పైన క్రేను, తీగ. అతను చేతులు ఆనించి ముఖం బిగించాడు, ఆటో దానంతటదే లేచింది.

"బ్యాక్ షాట్స్ అదిరాయి సర్. ఫ్రంట్ నెక్స్ట్ షెడ్యూల్లో తీస్తాం," అంది అసోసియేట్ డైరెక్టరు మనోజ. "అప్పటిదాకా బాడీ ఇలాగే ఉండాలి. కంటిన్యుటీ ముఖ్యం. వీపు ఒకలా, పొట్ట ఒకలా ఉంటే ఎడిటింగులో దొరికిపోతాం."

"ప్రాణం పోయినా పొట్ట రాదండీ," అన్నాడు రాఘవేంద్ర.

ఆ షెడ్యూలు సాయిసుధ పెళ్లయిన మర్నాడు మొదలవుతుంది.

పెళ్లి ఇంకా మూడు నెలలుందనగా మోతీనగర్ వెళ్లాడు. మేదరి దగ్గర చెప్పి చేయించిన పెద్ద వెదురుబుట్ట అప్పటికే హాల్లో ఓ మూల ఉంది. అక్కా బావా చీరల కోసం బజారుకెళ్లారు. సాయిసుధ నవ్వుతూ బుట్టలో కూర్చుని, "ఒకసారి ఎత్తు మావయ్యా, ఎలా ఉంటుందో చూస్తాను," అంది.

అతను వంగి బుట్టను చుట్టేసి పట్టుకున్నాడు. లేపాడు. బుట్ట ఒక అంచు లేచింది, రెండో అంచు నేల వదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ లేపాడు. నడుములో ఏదో కలుక్కుమంది, కళ్లముందు చుక్కలు కనిపించాయి. సాయిసుధ నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించబోతుంటే అతని చెయ్యి మీద చెయ్యి వేసి, మెల్లగా బుట్టలోంచి దిగిపోయింది.

"ఫర్వాలేదు మావయ్యా. బుట్టలో కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయని చెప్పి ఆ రోజు నడిచొచ్చేస్తాను. అమ్మకు తెలియనివ్వను."

ఆ మాటతో రాఘవేంద్రకు తల కొట్టేసినట్టయింది. ఎత్తలేకపోయినందుకు కాదు. తన పరువు కాపాడడానికి ఆ పిల్ల తన పెళ్లిలో అబద్ధమాడడానికి సిద్ధపడినందుకు. తిరిగి వస్తూ బండి మీద ఏడ్చాడు. సిగ్నల్ దగ్గర ఎవరో గుర్తుపట్టి, "అన్నా, ఒక్క సెల్ఫీ, జర చెయ్యి మడువవా," అంటే కళ్లు తుడుచుకుని మడిచి చూపించాడు కూడా.

జిమ్ము నడిపే జంగయ్య ఒకప్పుడు వెయిట్‌లిఫ్టింగు పోటీలకు వెళ్లొచ్చిన మనిషి. ఆ సంగతి అడగకపోయినా చెప్తాడు. రాఘవేంద్ర జరిగింది చెప్తే ముందు బాగా నవ్వుకున్నాడు.

"నీకు సైజున్నదన్నా, బలం లేదు. రెండూ ఒక్కటే అనుకున్నవా?"

"కండే కదా జంగయ్యా ఎత్తేది."

"కండ ఉంటే సరిపోదు, ఎత్తుడు దానికి నేర్పాలె. నువ్వేం జేస్తున్నవ్? తేలిక బరువు పట్టుకొని, కండ మండేదాంక లెక్కబెట్టుకుంట గుంజుతున్నవ్. గట్ల జేస్తే కండ ఉబ్బుతది. మంచిగనే ఉంటది, నేను కాదంటలేను. బలం గావాల్నంటే నీ పానం పొయ్యేంత బరువు పెట్టాలె. నాలుగైదుసార్లు లేపాలె, మంచిగ కూసోని దమ్ము దీస్కోవాలె, మళ్ల లేపాలె. అన్నం దినాలె. కడుపు మాడ్చుకుంటే ఎక్కడికెళ్లి వస్తది బలం?"

"తింటే పొట్టొస్తుంది కదా."

"వస్తది."

"రాకుండా ఏదైనా మార్గం?"

"ఉన్నది. లగ్గం ఇంకో ఏడాది ఆపు."

రాఘవేంద్ర తెలివైనవాణ్ణనుకున్నాడు. కొన్నాళ్లు రెండూ చేద్దామని చూశాడు. పొద్దున బలానికి, సాయంత్రం సైజుకు, మధ్యలో పస్తు. ఫలితం ఏమైందంటే బలం రాలేదు, సైజు తగ్గింది, పైగా కనిపించిన వాళ్లందరి మీదా విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఓ రోజు సాయిసుధ ఫోను చేసి, "కళ్లు తిరుగుతాయని అమ్మతో ఇప్పటినుంచే అంటున్నాను మావయ్యా, అప్పుడు అనుమానం రాదు," అంది. ఫోను పెట్టేసి నేరుగా మెస్సుకు వెళ్లి, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేయించుకుని కడుపునిండా అన్నం తిన్నాడు. ఎన్నేళ్లయిందో ఆ రుచి తగిలి. మారు అడిగాడు కూడా.

బలం కోసం చేసే కసరత్తులో అతనికి అన్నిటికన్నా అవమానంగా తోచింది కూర్చోవడం. నాలుగుసార్లు లేపి, బెంచీ మీద పెన్షనుకొచ్చిన పెద్దమనిషిలా కూర్చోవాలి. నరాలు పొంగవు, ఒళ్లు ఉబ్బదు, అద్దంలో చూసుకుంటే చూడ్డానికేమీ లేదు. ఇదివరకు అతని పక్కన నిలబడి కొలతలు అడిగే కుర్రాళ్లు ఇప్పుడు, "ఏమైందన్నా, పాణం బాగలేదా?" అని జాలిపడుతున్నారు. పొట్టమీది పలకలు ఒక్కొక్కటే మాయమై, వాటి స్థానంలో ఒకటే నున్నటి బొజ్జ వెలిసింది.

కానీ బరువు కదలడం మొదలుపెట్టింది. మొదట మోకాలి దాకా, తరవాత నడుం దాకా. చివరికి ఓ రోజు జంగయ్య పెద్ద ఇసుక బస్తా కింద పడేసి ఎత్తమంటే, ఎత్తి గుండెలకు ఆనించుకుని జిమ్ము ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి తిరిగొచ్చాడు. అతనికి కేకెయ్యాలనిపించింది. చుట్టూ చూస్తే ఒక్కడూ చూడ్డంలేదు. అందరూ అద్దం దగ్గర మూగి, గోరంత డంబెల్సు పట్టుకుని నరాలు పొంగిస్తున్న ఓ కొత్త కుర్రాణ్ణి వీడియో తీస్తున్నారు. ఆ కుర్రాడి పేరు క్రాంతికుమార్.

పెళ్లి జూబ్లీహిల్స్‌లోని ఒక ఫంక్షన్‌హాల్లో. గదిలో పట్టుచీరతో, నగలతో, చేతిలో కొబ్బరిబొండంతో సాయిసుధ నిలబడి ఉంది. పురోహితుడు అమ్మాయిని తీసుకురమ్మని కబురు పెట్టాడు. సాయిసుధ బుట్ట వంక చూసి, మేనమామ వంక చూసి, "చెప్పేయనా మావయ్యా, కళ్లు తిరుగుతున్నాయని?" అంది చిన్నగా.

"కూర్చో," అన్నాడు.

కూర్చుంది. రాఘవేంద్ర గొంతుక్కూర్చుని బుట్టను చుట్టేసి, నడుం నిటారుగా పెట్టి లేచాడు. అంతే. సన్నాయి అందుకుంది. గది దాటి, హాలు దాటి, కుర్చీల మధ్య దారిలో, తివాచీ ముడతలు చూసుకుంటూ నడిచాడు. బుట్టలోంచి పిల్ల ఊపిరి అతని చెవికి తగులుతోంది. ఆ ఊపిరిలో భయం లేదు.  సినిమాల్లో ఇన్నేళ్లు నిలబడ్డాడు గానీ ఎన్నడూ ఇంత ఎత్తున నిలబడ్డట్టు అనిపించలేదు. మండపంలో బుట్టను దించితే గాజుల చప్పుడు కూడా కాలేదు. సాయిసుధ కళ్లెత్తి చూసింది. ఆ చూపు చాలు అనుకున్నాడు.

చాలక తప్పదు మరి. ఎందుకంటే అతనికి దక్కింది అదొక్కటే.

"సర్, ఇంకోసారి వెనక్కెళ్లి రాగలరా?" అన్నాడు ఫొటోగ్రాఫరు. "కొంచెం కష్టపడుతున్నట్టు పెట్టండి ఫేసు. ఖాళీ బుట్ట మోసినట్టొచ్చింది."

పెళ్లికొడుకు పెద్దమ్మ సాయిసుధ బుగ్గ పుణికి, "పిల్ల మరీ ఇంత తేలికేమిటమ్మా, తిండి తినదా?" అంది. ఆవిడ పక్కనున్నాయన బుట్ట అడుగున చక్రాలేమైనా ఉన్నాయేమోనని వంగి చూశాడు కూడా.

సీతామహాలక్ష్మి తమ్ముణ్ణి స్తంభం పక్కకు లాక్కెళ్లింది.

"ఏంట్రా ఆ పొట్ట? పట్టుచొక్కాలోంచి తన్నుకొస్తోంది. తాంబూలాలనాడు వాళ్లు చూసింది నీ చేతులే గానీ ముఖం కాదు. సినిమాల్లో చేసే తమ్ముడెక్కడ అని అడుగుతున్నారు."

"నేనేగా అక్కా."

"నువ్వేనని ఏ ముఖం పెట్టుకుని చెప్పనురా? చిన్నాడికి షూటింగ్ పడింది, రాలేదని చెప్పాను. పెద్దాడెలాగూ మంచం దిగి రాలేదు, నువ్వే ఆ నడుంనొప్పి తమ్ముడివి. భోజనాల దగ్గర జాస్తీ వంగకు."

మర్నాడు సెట్టుకు వెళ్తే మనోజ అతన్ని చొక్కా తీయమంది. తీశాడు.  ఫోనులో అతని పాత వీపు చూసింది, ఎదురుగా కొత్త పొట్ట చూసింది, ఎవరికో ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా క్రాంతికుమార్ ఒళ్లంతా నూనె రాసుకుని దిగాడు.

"బ్యాక్ మీదే ఉంటుంది సర్, అది తీసేయం. ఫ్రంట్ మాత్రం క్రాంతిది పెడతాం. కట్ చేస్తే తెలియదు," అంది మనోజ, ఓదార్పుగా. "మీరు వచ్చారు కదా, వెనకాల ఫైటర్స్‌లో నిలబడండి, ప్లీజ్."

రాఘవేంద్ర నిలబడ్డాడు. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. మేనకోడలి చూపు గుర్తొచ్చి కాస్త తగ్గింది. మళ్లీ వచ్చింది.

ఈసారి డైరెక్టరు ఆటో నడిచి రావాలన్నాడని ఇంజను పెట్టారు. బరువు పెరిగింది. తీగతో లాగితే ఆటో గాల్లో ఉయ్యాలలా ఊగుతోంది. క్రాంతికుమార్ అటు జరిగితే ఆటో ఇటు జరుగుతోంది. డైరెక్టరు మైకు విసిరేశాడు. చివరికి క్రేను తీయించేసి, ఫ్రేము క్రాంతికుమార్ నడుం దాకానే పెడదాం, కింద ఎవరైనా దాక్కుని భుజం పెట్టి లేపండి అన్నాడు. ఫైటర్లందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరి కండలు వాళ్లకు ముద్దు. రాఘవేంద్ర ముందుకు నడిచాడు.

క్రాంతికుమార్ కాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, ఆటో ముందుభాగం కింద భుజాలు పెట్టాడు. యాక్షన్ అన్నారు. తొడలు బిగించి లేచాడు. ఆటో కదలకుండా, ఊగకుండా, డైరెక్టరు అడిగినంత ఎత్తుకు లేచి ఆగింది. పైన క్రాంతికుమార్ చేతులు ఆనించి పళ్లు బిగించాడు, నరాలు పొంగించాడు, డైలాగు మరిచిపోయాడు. గుర్తు చేసుకుని చెప్పేదాకా ఆటో అక్కడే ఉంది.

"కట్," అన్నాడు డైరెక్టరు. చప్పట్లు మోగాయి. క్రాంతికుమార్ చేతులు దులుపుకుని మానిటర్ దగ్గరికి పరిగెత్తాడు. అతని వెనకే మనోజ, ఆవిడ వెనకే ఫైటర్లు, మేకప్ వాళ్లు, టీ ఇచ్చేవాళ్లు, అందరూ అక్కడ మూగారు.

"చూశారా, బలమంటే అదీ," అంటున్నాడు డైరెక్టరు తెర వైపు వేలు చూపిస్తూ.

నిజమేననిపించింది రాఘవేంద్రకు. ఆటో కింద నుంచే ఆ మాట విన్నాడు. దించమని అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.