కిష్టా నీడలో నాలుగు చిల్లులు

ఇది అబద్ధం అనదలచుకున్నవాళ్లు ముందే చెయ్యెత్తండి. వాళ్లను మే నెలలో, మిట్టమధ్యాహ్నం, సాగర్ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టి కథ మళ్లీ మొదటినుంచి చెబుతాను. అప్పుడు కూడా చెయ్యి దించకపోతే నా మీసం తీసేస్తాను. ఇప్పటిదాకా ముప్పైమందితో ఈ పందెం కట్టాను. మీసం ఉన్నచోటే ఉంది, చూసుకోండి.

ఇబ్రహీంపట్నం బస్టాప్ దగ్గర కిష్టాకు మిర్చి బండి ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఒకటే చోటు, ఒకటే మూకుడు. పదింటికి శనగపిండి జల్లించి పెట్టుకుంటాడు. పన్నెండింటికి మిరపకాయలు చీరి చింతపండు, వాము కూరుతాడు. రెండింటికి పొయ్యి ముట్టిస్తాడు. మొదటి వాయి దిగగానే అందులోంచి ఒక మిర్చి తీసి తానే తింటాడు. ఉప్పు చూడటం ఉస్తాద్ పని. ఆయన తల ఊపాకే అమ్మకం. ఇలా ఉప్పు చూడటానికే తొమ్మిది వేల మిర్చీలు ఆ కడుపులోకి పోయాయని నా అంచనా. నా అంచనా ఎప్పుడూ తక్కువకే ఉంటుంది.

బస్టాప్ దగ్గర ఒకప్పుడు మూడు వేపచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. వాటి బదులు షెడ్డు వేస్తామన్నారు. స్తంభాలు నాలుగు వచ్చాయి, రేకులు రాలేదు. మంచాల ఊరి బస్సు కోసం వచ్చినవాళ్లు ఒక్కో స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు, పక్కకు ఒరగకుండా, గీత గీసినట్టు నిలబడేవాళ్లు.

పోయినేడు ఏప్రిల్‌లో ఒకరోజు కిష్టా పొయ్యి ముందే కూలబడ్డాడు. ఆ రోజు ఎండ ఎంతంటే, గుడ్ల బండివాడు పచ్చిగుడ్లు తెచ్చి ఉడికినవి అమ్ముకున్నాడు. దవాఖానలో డాక్టర్ రెండు సీసాల సెలైన్ ఎక్కించి ఒకే మాట చెప్పాడు: "ఎండాకాలం మళ్లా పొయ్యి కాడ నిలబడితే, నన్ను అడగొద్దు."

కబురు తెలిసి మీర్‌పేట్ నుంచి బిడ్డ లిఖిత వచ్చింది. ఆమె సంచి నిండా కీర, క్యారెట్, మొలకెత్తిన పెసళ్లు.

"బాపూ, గీ ఎండాకాలం పొయి మీద ఉడికినది ఏదీ ముట్టొద్దు. మా కాలనీల అందరు గిదే తింటున్రు."

"ఏందే? నేనేమన్న బర్రెనా?"

"బర్రెకు బీపీ ఉన్నదా బాపూ?"

కిష్టా కీర అందుకున్నాడు. అప్పటినుంచి పొద్దున మొలకలు, మధ్యాహ్నం కీర, సాయంత్రం ముంజలు. కీరను తోలుతోనే తినమని చెప్పింది మాత్రం నేనే. ఒక ఎండాకాలం నేను గంపెడు కీరలు కూర్చున్నచోటే తిని, చుక్క నీళ్లు తాగకుండా మూడు రోజులు నడిచాను. అది ఇప్పుడెందుకు.

బండి ఆపితే ఆ చోటు ఇంకొకడు పట్టుకుంటాడు. అందుకని ఇన్నాళ్లూ పక్కన పిండి కలిపిన కిష్టా భార్య స్వరాజ్యం కొంగు నడుముకు చుట్టి మూకుడు ముందుకు వచ్చింది.

"నువ్వు కూసొని మిరపకాయలు చీరు. నేను కాలుస్త," అంది.

ఆమె తినేది మాత్రం రాత్రి మిగిలిన అన్నం, అమ్ముడుపోని మిర్చి. ఆమె బీపీ ఎంతో ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు.

ఇరవయ్యొకటో రోజున కిష్టా నీడ చల్లబడింది.

ముందు కనిపెట్టింది ఒక ఊరకుక్క. వచ్చి ఆయన నీడలో తల దగ్గర ముడుచుకుని పడుకుంది. తర్వాత మారెమ్మ లేచింది. ఆమె మంచాల నుంచి పొద్దుటి బస్సుకు కీరగంప తెచ్చి అక్కడ అమ్ముకునే ముసలమ్మ. గంపను కిష్టా నీడలోకి జరుపుకుంది.

"కిష్టా, జర గిటు మర్రి కూసో బిడ్డా. నీ నీడ మస్తు సల్లగున్నది. కాయ వాడుతలేదు."

కిష్టా ఆమె చెప్పిన వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాటికి బస్సు కోసం వచ్చినవాళ్లంతా స్తంభాలు వదిలి ఆ నీడలోకి చేరారు. ఒక మనిషి నీడలో ఎంతమంది పడతారని అడగకండి. నేను లెక్కపెట్టినప్పుడు పదిహేడు మంది, రెండు మేకలు. నీడ ఎందుకు చల్లబడిందని ఎవరూ అడగలేదు. పొద్దు తిరిగినప్పుడల్లా "అన్నా, జర జరుగు" అనేవాళ్లు, అంతే. బస్సు వస్తే ఎక్కి పోయేవాళ్లు.

ఇబ్బంది మూకుడుతో వచ్చింది. రెండో రోజే స్వరాజ్యం కేక వేసింది.

"ఏమయ్యా, నీ నీడ మూకుట్ల పడ్డది! నూనె కాగుతలేదు. అవుతల కూసో పో!"

కిష్టా స్టూలు పది అడుగులు తూర్పుకు పోయింది. అలా ఆ బస్టాప్‌లో కుక్కకు, మేకలకు, మంచాల పోయేవాళ్లకు అందరికీ నీడ దొరికింది. పొయ్యి ముందున్న స్వరాజ్యానికి తప్ప.

ఇక ఉప్పు సంగతి. ఉడికింది ముట్టకూడదు కాబట్టి కిష్టాకు ఉప్పు చూసే పని పోయింది. మొదటి వాయి దిగుతుంటే స్టూలు మీద ఆయన మెడ సాగేది. ఒకరోజు ఆగలేక, స్వరాజ్యం అటు తిరిగినప్పుడు ఒక మిర్చి ఎత్తుకుపోయి స్తంభం చాటున తిన్నాడు. కాసేపటికి నీడలో కూర్చున్న ఒక తల్లి ఒళ్లో పిల్ల కెవ్వుమంది. మిర్చి అంత పొడుగున, మిర్చి అంత వెడల్పున, ఎండ సూటిగా పిల్ల కాలి మీద పడుతోంది.

"అన్నా, నీ నీడకు చిల్లు పడ్డది. ఏం తిన్నవ్?" అంది తల్లి.

ఆ రాత్రి స్వరాజ్యం ఆయన్ను వీధి దీపం కింద నిలబెట్టి, చొక్కా చిరుగు చూసినట్టు నీడంతా వెతికింది. మూడు రోజులు కీర తింటే గాని చిల్లు పూడలేదు. మొగుడు బయట ఏం తిని వచ్చాడో తెలుసుకునే ఇంత సులువైన ఉపాయం నేను మూడు జిల్లాల్లో చూడలేదు.

మే మూడో వారం. ఆ వారం తారు మెత్తబడి నా చెప్పులు రోడ్డుకే అంటుకుపోయాయి. ఒక జత కాదు, నాలుగు జతలు. మధ్యాహ్నం మూడింటికి మొదటి వాయి దించి స్వరాజ్యం నీళ్ల డబ్బా కోసం ఎదురు దుకాణానికి వెళ్లింది. కిష్టా చటుక్కున లేచాడు. ఒకటి తిన్నాడు. నాలుక మీద ఏదో తేడా అనిపించి ఇంకొకటి తిన్నాడు. మూడోది, నాలుగోది కూడా తిన్నాక గాని నమ్మకం కుదరలేదు.

పిండిలో ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలే లేదు.

ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి పిండి కలిపిన మనిషి స్వరాజ్యం. చీకట్లో కలిపినా గింజ ఎక్కువ తక్కువ కాదు. ఆమె ఉప్పు మరిచిందంటే తల తన స్వాధీనంలో లేదని కిష్టాకు అర్థమైంది. ఉస్తాద్ కదా, అర్థం కాకుండా ఎలా ఉంటుంది. కానీ చెబితే తిన్నట్టు తెలిసిపోతుంది. మూతి తుడుచుకుని వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

స్వరాజ్యం వచ్చి రెండో వాయి వేసింది. మూడో వాయికి పిండిలో ముంచిన మిరపకాయ మూకుట్లో కాకుండా పక్కన నేల మీద వేసింది. ఇంకొకటి కూడా నేల మీదే వేసింది. మారెమ్మ చూసి, "ఏందే స్వరాజ్యం, మన్నుకు పెడుతున్నవ్?" అంది. స్వరాజ్యం ఆమె వైపు తిరిగి నవ్వబోయి, నిలువునా పడిపోయింది. చెమట కూడా లేదు. ఒళ్లు పెనంలా ఉంది.

అప్పుడే వచ్చిన మంచాల బస్సులోంచి కండక్టర్ ఐలేష్ దూకాడు. "వదినను ఎండల్నుంచి గుంజుండ్రి! నూటెనిమిదికి ఫోన్ కొట్టుండ్రి!" అని అరిచాడు. ఆమెను ఎత్తి తెచ్చేలోపే నీడలో కూర్చున్న పదిహేడు మంది లేచి ఎండలోకి జరిగారు. ఎవరూ చెప్పలేదు. కుక్క కూడా లేచింది.

కిష్టా నిలబడ్డాడు. కదిలితే నీడ కదులుతుంది కాబట్టి ఊపిరి కూడా చిన్నగా తీశాడు. నీడ స్వరాజ్యం మీద తల నుంచి పాదాల దాకా సరిపోయింది. మారెమ్మ కీరలు చీల్చి అరికాళ్లకు రుద్దింది. ఐలేష్ తన సీసాలో నీళ్లు కొంగు మీద పోశాడు. ఎర్రగా ఉన్న ముఖం మెల్లగా రంగు మారింది. కానీ కళ్లు తెరవలేదు.

"స్వరాజ్యం... ఓ స్వరాజ్యం," అని పిలుస్తూనే ఉన్నాడు కిష్టా.

పొద్దు కొద్దిగా వాలింది. నీడలో ఒక చిల్లు జరిగి జరిగి ఆమె కుడి రెప్ప మీదకు వచ్చింది. రెప్ప మీద ఎండ చురుక్కుమంది. ఆమె ముఖం చిట్లించి ఆ ఒక్క కన్ను తెరిచింది.

"ఎన్ని తిన్నవ్?" అంది.

"ఒక్కటే."

ఆమె కన్ను నిదానంగా తన చీర మీదకు దిగింది. భుజం మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, మోకాలి మీద ఒకటి. ఎండ ముక్కలు.

"నాలుగు," అంది.

"అవ్, నాలుగు." కిష్టా కదలకుండానే అన్నాడు. "ఉప్పు లేదే."

"లేదా?"

"అసలే లేదు. గప్పుడే సమజైంది నాకు నీకు బాగలేదని. సెప్పలే."

ఆమె దాహం అన్నట్టు నోరు తెరిచింది. ఐలేష్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు గుక్క గుక్కగా తాగించాడు. ఇంకో పావుగంట ఎండలో ఉంటే మనిషి దక్కేది కాదని దవాఖానలో చెప్పారు. మూడు రోజులకు ఇంటికి పంపారు.

నాలుగో రోజు స్వరాజ్యం పిండి జల్లెడ చేతికి తీసుకుని బండి దగ్గరకు వచ్చింది. అప్పటికే పొయ్యి మీద నూనె సలసల కాగుతోంది. కిష్టా బండికి పడమటి వైపు నిలబడి ఉన్నాడు. ఆమె చూస్తుండగానే ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన నీడ మూకుట్లో పడింది. నూనె చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి తెల్లగా, నెయ్యిలా పేరుకుంది.

"గిరాకి వచ్చే యాల్ల గిదేం పని?" అంది స్వరాజ్యం.

"ఎండాకాలం పోయేదాంక గంతే. జల్లెడ అవుతల పెట్టి కూసో."

ఎక్కడ కూర్చోవాలో ఆయన చెప్పలేదు. ఆమె వచ్చి నీడ మధ్యలో కూర్చుంది. మారెమ్మ గంప జరుపుకుని చోటిచ్చింది.

ఆ బండి మీద ఇప్పుడు వానలు పడ్డాకే మిర్చి. ఎండ ముదిరితే కీర, క్యారెట్, ముంజలు, నానిన పల్లీలు. చోటు ఎక్కడికీ పోలేదు. మొదటి కీర ముక్క మీద ఉప్పు చల్లి కిష్టా పద్ధతి ప్రకారం తింటాడు, రెండో ముక్క స్వరాజ్యం తింటుంది, ఆ తర్వాతే అమ్మకం. ఈ ఏడు ఉగాది దాటి నెల తిరిగేసరికి ఆమె నీడ కూడా చల్లబడింది. రెండు నీడలు పక్కపక్కన పడితే బస్సు మొత్తం అందులో ఆగుతుంది. ఇంజన్ తొందరగా చల్లారుతుందని డ్రైవర్లు అక్కడే ఆపుతున్నారు.

చెయ్యెత్తినవాళ్లు ఇంకా దించకపోతే బస్టాప్‌కు వెళ్లి అడగండి. నన్ను కాదు, నేను అప్పుడప్పుడూ ఒకటి కలుపుతాను. పేరు మారెమ్మ, ఊరు మంచాల, కూర్చునేది ఆ రెండు నీడలు కలిసేచోట. చిల్లులు నాలుగని ఆమే చెబుతుంది. కీర కొనకుండా అడిగితే మాత్రం నోరు విప్పదు.